విరుదునగర్‌కు మోసుకెళ్లిన కంచు పంకా

ఐప్పసి నెల తుఫాను గాలికి తూత్తుకుడి రేవు దగ్గర మా పడవ బోల్తాపడింది. ఉప్పు మూటలతో పాటు మా ఇంటాయన పోయారు. తేలిన చెక్క పట్టుకుని మా తమ్ముడు సీనివాసు ఒడ్డు చేరాడు. వాణ్ణి మిగిల్చినందుకు పెరుమాళ్లకు రోజూ దండం పెడతాను.

ఐదు నెలలకు, పంగుని నెలలో, ఒడ్డుకు లాగి బాగుచేయించిన అదే పడవతో, అదే మోటారుతో మళ్లీ ఉప్పు మోస్తానన్నాడు వాడు. ఆ రోజు మోటారు అరిచి అరిచి ఆగిందే గాని పడవ ముందుకు పోలేదని వాడే చెప్పాడు. ఎందుకో తెలిసిన మనిషి చెప్పేదాకా పంపనన్నాను. విరుదునగర్ పత్తి మిల్లులో ఒక ఫిట్టరు కొలంబోలో లాంచీల మీద పనిచేశాడని విన్నాం. మోటారు కింద నీళ్లలో తిరిగి పడవను తోసే కంచు పంకాను ఊడదీయించి, మా ఇంటాయన తుండుగుడ్డలో చుట్టాను.

కోవిల్‌పట్టిలో ఉదయం ఏడింటి బండి ఎక్కాం. రేగడి మీద పత్తి పగిలి ఉప్పులా తెల్లగా ఉంది. చూడబుద్ధి కాలేదు. సాత్తూరులో దోసకాయల గంపతో ఎక్కిన ముసలమ్మ నా ఒళ్లో మూట తడిమి, లోపల దేవుడా అని అరవంలో అడిగింది. కాదంటే, మరి అంత పదిలమెందుకు, కింద పెట్టమంది. ఒక కాయ చీల్చి ఉప్పద్ది ఇచ్చింది. ఉప్పు తుడిచి తిన్నాను.

తొమ్మిదింటికి దిగి, స్టేషను బయట ఇడ్లీలు తిని, పావుగంట నడిచాం. భోజనం వేళ దాకా ఫిట్టరు బయటికి రాడట. వెళ్లేవారు ఇది తెలుసుకుని బయలుదేరడం మంచిది. గేటు దగ్గర పన్నెండు దాకా కూర్చున్నాం.

ఆయన మా భాషవాడే. పంకాను వెలుతురుకు ఎత్తి చూశాడు.

"ఇది ఉత్త పడవకమ్మా. రెక్కల మెలిక జాస్తి ఉండాది. మూట లేకుంటే గుర్రం మాదిరి పోతాది. బరువేస్తే మోటారు దీన్ని తిప్పలేక ఆగిపోతాది."

మోటారు ఎంత ఎత్తున బిగించారని సీనివాసును అడిగాడు. పంకా పడవ అడుగుకంటే నాలుగు వేళ్లు కిందికి ఉండాలని, పైకుంటే అలలో నీళ్లు చిక్కవని చెప్పాడు. తర్వాత, "దీన్ని ఎవరు ఏరింది?" అన్నాడు.

ఏరింది నేను. మోటారు కొన్ననాడు అంగట్లో రెండు పంకాలు ముందు పెట్టి ఒకటి తీసుకోమన్నారు. ఏది కావాలో నువ్వే చెప్పమని మా ఇంటాయన నవ్వారు. దుక్కిలో లోతుగా దిగే మడకే మంచి మడక అని వింటూ పెరిగినదాన్ని, మెలిక ఎక్కువున్నదాన్ని చూపాను.

"అంగడాయన ఇచ్చిందే" అన్నాడు సీనివాసు, నా వైపు చూడకుండా.

ఫిట్టరు దాన్ని కొలిమిలో కాచి, మెలిక తగ్గేలా కొట్టి, రెండు రెక్కలూ సమంగా వచ్చేదాకా ఇనుప పలకమీద పెట్టి సరిచూశాడు. ఆ చేతులు చల్లగా ఉండాలి.

నాలుగింటి బండిలో తిరిగి వచ్చాం. ఒళ్లో మూట ఇంకా వెచ్చగా ఉంది. సాత్తూరు దాటాక అడిగాను.

"అబద్ధం ఏంటికి చెప్తివిరా? ఏరింది నేనే గదా."

"తెలుసక్కా. నేనూ ఆడనే ఉంటిని గదా. నాకూ అదే నచ్చె."

వెళ్లేటప్పుడు తప్పు మోటారుదే కావాలని మొక్కుకున్నాను. పెరుమాళ్లు నిజమే చూపించాడు, చూపించేటప్పుడు పక్కన తమ్ముణ్ణి ఉంచాడు. రెంటికీ దండమే.

కోవిల్‌పట్టిలో దిగాక మూట ఇమ్మని వాడు చెయ్యి చాపాడు. ఇవ్వలేదు. పడవకు బిగించేదాకా నేనే మోస్తానన్నాను.