తీగతో కట్టిన నిమ్మకాయ

ఆపరేషన్ తర్వాత మా అన్న మళ్లీ వేటకు వచ్చిన మొదటి రోజు అది. పొట్ట మీద కుట్లు మానాయి గానీ బరువులు ఎత్తకూడదు, ఇంజను తాడు అసలు లాగకూడదు అని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు. వదినకు ఆయన్ను పంపడమే ఇష్టం లేదు. మైపాడు ఒడ్డు దాకా మా వెంటే వచ్చి, మా పాత బోటు ఇంజనుకి నిమ్మకాయ, మిరపకాయల దండ కట్టింది. దారమైతే అలల తాకిడికి తెగుతుందని ఈసారి ఇనప తీగకు గుచ్చి తెచ్చింది.

"మీ అన్నని ఎట్టా తీసకపోతున్నావో అట్టనే తీసకరావాల అబ్బయ్యా" అంది నాతో.

వలలు లాగి తిరిగి వస్తున్నాం. ఒడ్డున సరుగుడు తోపు కనబడుతుండగా ఇంజను టక్కున ఆగిపోయింది. దగ్గి దగ్గి ఆగి ఉంటే పెట్రోలు గొడవ అనుకునేవాణ్ని. దగ్గనూ లేదు, మూలగనూ లేదు. తాడు లాగాను. మళ్లీ లాగాను. ఉలుకూ పలుకూ లేదు. దీన్ని పాత సామాన్లవాడికి పారేద్దామంటే విన్నాడా ఈ మహానుభావుడు! అని అన్నకు వినబడేటట్టే తిట్టుకున్నాను.

గాలి పెరుగుతోంది. లంగరు వేస్తే ఇసుకలో పట్టు దొరక్క జారుతోంది. బోటు నెమ్మదిగా అలలు విరిగే వైపు పోతోంది. అక్కడ అడ్డం తిరిగితే బోల్తానే. నేనైతే ఈదుకుంటూ పోతాను, కుట్లు పడ్డ ఆ పొట్టతో అన్న ఎలా ఈదుతాడు? నాకు భయం వేసింది. భయం వేస్తే నాకు నోరు లేస్తుంది.

"నేనొక్కసారి లాగతా, జరుగు" అన్నాడు అన్న.

"తాడు మీద చెయ్యి వేశావంటే నేనే నిన్ను నీళ్లలోకి తోసేస్తా!"

"తోద్దువులే గానీ, ముందు ప్లగ్గు తియ్."

తీశాను. పెట్రోలుతో తడిసి ఉంది. పెట్రోలు వస్తోందన్నమాట, మంటే లేదు. ప్లగ్గును తుడిచి, దాని వైరుకు తగిలించి, ఇంజను ఒంటికి ఆనించాను. ఎండలో నిప్పురవ్వ కనబడదని అన్న తువ్వాలు అడ్డం పట్టాడు. తాడు లాగాను. రవ్వ లేదు. కొత్త ప్లగ్గు వేసి చూశాం. లేదు. ప్లగ్గు వైరు చివర చిలుము పట్టిందేమోనని కోసి మళ్లీ బిగించాను. అయినా లేదు.

"కాయిల్ పోయింది" అని కూలబడ్డాను. రవ్వ పుట్టించే కాయిలే పోతే అక్కడ చేసేదేమీ లేదు. అలలు విరుగుతున్న చప్పుడు వినబడుతోంది.

అన్న మాత్రం ఇంజను వంకే చూస్తున్నాడు. "పోయే ఇంజను దగ్గతాది గదరా. ఇది ఎవురో ఆపినట్టు ఆగింది."

ఆ మాటతో ఇద్దరం స్టాప్ బటన్ వైపు చూశాం. వదిన కట్టిన నిమ్మకాయ సరిగ్గా అక్కడే వేలాడుతోంది. బటన్ వెనక వైరుకున్న రబ్బరు తొడుగు ఎప్పుడో ఊడిపోయింది. దండ తీగ ఒక కొస ఇంజను బోల్టుకి చుట్టి ఉంది. రెండో కొస కుదుపులకు జారి, తొడుగులేని ఆ వైరు మీద ఆనుకుంది. ఇంకేం, తీగ ఆ వైరునీ ఇంజను ఒంటినీ కలిపేసి, బటన్ ఎవరో నొక్కి పట్టుకున్నట్టే! చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాం.

అన్న ఆ కొసను వేలితో పైకెత్తాడు. "ఇప్పుడు లాగు."

చిటుక్కుమని నీలం రవ్వ! ప్లగ్గు బిగించి లాగితే ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. పోయిన ప్రాణం లేచి వచ్చింది. బతుకుజీవుడా అనుకున్నాను. నవ్వుతున్నాననుకున్నాను గానీ కళ్లనిండా నీళ్లు.

ఆ దండను పీకి సముద్రంలో పారేయబోతే అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దురా. మీ వదిన పాపం భయపడి కట్టింది. ఇంటికాడ చెప్పబాక." తీగ ఊడదీసి, నిమ్మకాయను వల దారంతో బోటు ముందు భాగాన కట్టాడు.

ఒడ్డున వదిన నిలబడే ఉంది. ముందు అన్న మొహం చూసింది, తర్వాత పొట్ట, ఆ తర్వాత నిమ్మకాయ. ఆమె మొహం విప్పారింది.

"చూసినారా, నేను కట్టబట్టే చల్లంగా వచ్చినారు. రేపు తీగ ఇంకో రెండు చుట్లు చుడతా."

"తీగ వద్దు!" ఇద్దరం ఒక్కసారే అరిచాం.

వదిన ఉలిక్కిపడింది. అన్న ఆమె భుజం మీద చెయ్యి వేసి దిగుతూ అన్నాడు: "దారం చాల్లే. తెగితే మళ్లీ కడుదువు."