మూడో బండి వాలులో నిలబడిన రోజు

పావగడ బస్టాండులో దిగేసరికి ఉదయం అయిదూ నలభై. మార్చి నెల. గాలి లేదు. ఊరి వెనక రాతి గుట్ట నల్లగా నిలబడి ఉంది. నా దగ్గర ఒక ఇనుప ట్రంకు, ఒక పరుపు చుట్ట, కాన్వాసు సంచిలో సొంత స్పానర్లు. సైన్యం వదిలి అప్పటికి నాలుగు నెలలు. అక్కడ పందొమ్మిదేళ్లు బండ్లు బాగుచేశాను. హవల్దారుగా దిగిపోయాను. ఇక్కడ సోలార్ పార్కులో ప్యానెళ్లు కడిగే కాంట్రాక్టరు దగ్గర బండ్ల ఇన్‌ఛార్జి ఉద్యోగం. మా పల్లె రాష్ట్ర సరిహద్దుకు అవతల, ఆంధ్రలో మడకశిర వైపు. పెద్ద దూరమేమీ కాదు. అయినా నేను దీన్ని పోస్టింగు అనే అనుకున్నాను. అలవాటు అలాంటిది.

ఆటో క్యాతగానచెర్లు దాటాక రోడ్డుకు రెండు వైపులా అద్దాలే. వేరుశనగ పండిన నేలంతా నీలంగా మారి ఉంది. ఆరూ ముప్పావుకు గేటు దగ్గర దిగాను. సూపర్‌వైజరు టీ గ్లాసు చేతిలో పట్టుకునే ఆర్డర్లు చెప్పాడు.

"పికప్పులు నాలుగుండాయి. పొద్దున ఆరుకల్లా షెడ్డు వదలాల. అద్దాలు వేడెక్కినాక నీళ్లు పడితే పగులుతాయి, కాబట్టి పదికల్లా కడిగేది అయిపోవాల. బండి చూసి రిజిస్టర్లో సంతకం పెట్టేది నీ పని. నీ సంతకం లేకుండా బండి కదిలేదే లేదు."

ఆ ఆఖరి మాట నాకు నచ్చింది.

ఒక్కో పికప్పు వెనక వెయ్యి లీటర్ల ట్యాంకు, ఒక పంపు. పంపు బండి ఇంజనుతోనే తిరిగేలా బిగించారు. అంటే కడిగినంతసేపూ ఇంజను నడుస్తుండాలి, గేరు న్యూట్రల్‌లో ఉండాలి. అప్పుడు బండిని పట్టి ఉంచేది హ్యాండ్ బ్రేకు ఒక్కటే.

ఆ పొద్దున నేను చూసేదాకా బండ్లను షెడ్డులోనే ఆపి ఉంచారు. ఒకటి, రెండు, నాలుగు బాగానే ఉన్నాయి. మూడో బండిలో కూర్చుని లివరు లాగాను. మంచి హ్యాండ్ బ్రేకు లివరు టక్కు టక్కుమంటూ లేచి ఆరేడు టక్కుల్లో బిగుస్తుంది. ఇది పద్నాలుగు టక్కులు లేచి, ఇక లేవడానికి చోటు లేక ఆగింది. దిగి భుజంతో తోశాను. బండి కదిలింది.

మూడో బండి డ్రైవరు వెంకటమ్మనహళ్లి మనిషి. నలభై దాటినవాడు, నిదానస్తుడు. సీటు కింద నుంచి సున్నం పూసిన రెండు రాళ్లు తీసి చూపించాడు.

"ఇవే నా హ్యాండ్ బ్రేకు, మిల్ట్రీ అన్నా. రెండేండ్ల నుంచి ఒక్క దినం గూడా మోసం చేయలేదు."

రిజిస్టర్లో ఎర్ర ఇంకుతో రాశాను: హ్యాండ్ బ్రేకు పనిచేయదు. సూపర్‌వైజరు చదివి తలూపాడు. సామాన్లు తెప్పిస్తానన్నాడు. అంతవరకు రాళ్లతో నడపమన్నాడు. నేను సంతకం పెట్టాను. మరుసటి రోజూ పెట్టాను. అలా పద్దెనిమిది రోజులు పెట్టాను. ఈ కథలో నేను గర్వపడని భాగం ఇదొక్కటే. దాన్ని దాచను.

పందొమ్మిదో రోజు పొద్దునా సంతకం పెట్టాను. ఎనిమిదీ ఇరవైకి షెడ్డులో వాకీటాకీ రేడియో మోగింది. డ్రైవరు గొంతు.

"కంట్రోల్, కంట్రోల్! మూడో బండి... బండి పోయిందన్నా!"

"యాడికి పోయింది? సరిగ్గా చెప్పు," అన్నాను.

"వాలులోకి. దానంతట అదే పోయింది."

రెండో బండి తీసుకుని నాలుగు నిమిషాల్లో చేరాను. అది పార్కులో ఒక చిన్న గుట్ట పక్కనున్న బ్లాకు. నేల ఒక వైపుకు వాలి ఉంటుంది. కడిగిన నీళ్లు పారి చక్రాల కింద బురదయింది. రాయి జారింది. ముక్కు పైకి పెట్టి నిలిపిన బండి ట్యాంకు నిండా నీళ్లతో వెనక్కి ఇరవై అడుగులు దొర్లి, ఒక ప్యానెల్ స్తంభానికి కొట్టుకుని ఆగింది. స్తంభం వంగింది. రెండు అద్దాలు పగిలాయి. బండి దొర్లేటప్పుడు ఆ దారిలోనే ఇద్దరు ఆడవాళ్లు వైపర్లతో నీళ్లు లాగుతున్నారు. వాళ్లలో పెద్దామె అంజినమ్మ. కడిగే పన్నెండు మందిలో ఆమే మేస్త్రి. ఇంజను చప్పుడు దగ్గరవుతుంటే తల తిప్పి చూసి, పక్కనున్న పిల్ల చెయ్యి పట్టి అవతలికి ఈడ్చింది. బండి వాళ్లకు ఒక మూర దూరంలో దాటిపోయింది. ఆ పిల్లకు ఏడుపు ఆగడం లేదు. అంజినమ్మ ఏడవలేదు. చేతులు కొంగులో చుట్టుకుని నిలబడింది.

రేడియోలో సూపర్‌వైజరు. "అద్దాలు ఎన్ని పోయినాయి?"

డ్రైవరు నోరు విప్పేలోపు అంజినమ్మ అతని చేతిలోంచి రేడియో లాక్కుంది.

"మనుషులు ఎంతమంది మిగిలినారో అడగప్పా ముందు!"

రేడియోను తిరిగి డ్రైవరు చేతిలో పెట్టేసింది.

ఆమె నా వైపు తిరిగింది. "పొద్దున్నే బండి చూసి సంతకం పెట్టేది నువ్వే గదా?"

"నేనేనమ్మా."

ఆ పిల్లను నీడకు తీసుకెళ్లింది. తిట్టి ఉంటే బాగుండేది.

మూడో బండిని షెడ్డుకు తెచ్చి నిలిపాం. మరుసటి రోజు పొద్దున అయిదున్నరకు సూపర్‌వైజరు షెడ్డుకు వచ్చాడు. ఆయనా రాత్రి నిద్రపోయినట్టు లేడు. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. "ఈ దినం నాలుగు రాళ్లు పెట్టించు. ఆ బ్లాకు ముగించాల. రిజిస్టర్లో సంతకం పెట్టు."

మూడో బండి తాళంచెవి చొక్కా జేబులో వేసుకుని బొత్తాం పెట్టాను. "పెట్టను సార్."

"ఇది మిల్ట్రీ కాదప్పా."

"మిల్ట్రీలో అయితే నిన్ననే నా చేతి మీది హవల్దారు చారలు పీకేసి ఉందురు. ఈ దినం బండి కదలదు."

ఆయన గొంతు పెంచాడు. నా బదులు ఇంకొకరిని తెచ్చుకుంటానన్నాడు. తెచ్చుకోమన్నాను. అప్పుడే కడిగే ఆడవాళ్లు వచ్చారు. సంగతి విన్నారు. అంజినమ్మ షెడ్డు ముందర నేల మీద కూర్చుంది. తక్కిన పదకొండు మందీ ఆమె వెనక కూర్చున్నారు.

"బ్రేకు అయ్యేదాకా ఈడే ఉంటాం," అంది. "ఆ బండి కిందికి మేం పోము."

సూపర్‌వైజరు నన్ను చూశాడు, వాళ్లను చూశాడు. "ఎంతసేపు కావాల?"

"సామాను దొరికినాక మూడు గంటలు."

ఏడింటికి మోటార్‌సైకిల్ మీద పావగడ వెళ్లి స్పేర్ల అంగడి ముందు నిలబడ్డాను. తెరిచేసరికి ఎనిమిదిన్నర. డ్రమ్ము లోపల రాసుకునే బ్రేకు లైనర్లు ఉన్నాయి. లివరును చక్రాల బ్రేకుకు కలిపే కేబుల్ లేదు. అంగడాయన హిందూపురానికి ఫోను చేసి, కేబుల్‌ను బస్సులో వేయించాడు. పదకొండూ పదికి కండక్టరు కిటికీలోంచి దాన్ని నా చేతికి అందించాడు. పాము చుట్టలా ఉంది. మెడలో వేసుకుని తిరిగొచ్చాను.

ముందు చక్రాలకు చెక్క దిమ్మలు అడ్డం పెట్టాను. వెనక జాకీ ఎత్తి స్టాండ్లు నిలిపాను. చక్రాలు ఊడదీశాను. డ్రమ్ములు తుప్పుతో పట్టేసి ఉన్నాయి. సుత్తితో చుట్టూ మెల్లగా తట్టి, నూనె వేసి, మళ్లీ తట్టి లాగాను. లోపల లైనర్లు రేకు దాకా అరిగి ఉన్నాయి. కేబుల్‌లో మూడు పోగులే మిగిలాయి. డ్రైవరు తొంగి చూసి, తన రెండు రాళ్లనూ సీటు కింద నుంచి తీసి గోడ పక్కన పడేశాడు.

దుమ్ము తడి గుడ్డతో తుడిచాను. కొత్త లైనర్లు వేసి, స్ప్రింగులు తగిలించి, కేబుల్ బిగించాను. చివరి పని బిగువు చూడటం. నేను బండి కింద నట్టు తిప్పుతుంటే పైన ఒకరు లివరు లాగాలి. డ్రైవరు భోజనానికి వెళ్లాడు. అంజినమ్మ లేచి వచ్చింది.

"నేను లాగుతా. యాడ పట్టుకోవాల?"

డ్రైవరు సీటులో ఆమె ఎన్నడూ కూర్చోలేదు. చెప్పులు కింద విడిచి ఎక్కింది.

"లాగమ్మా. టక్కులు లెక్కబెట్టు."

"ఒకటి, రెండు... తొమ్మిది. పదికి నిలిచింది."

నట్టు రెండు చుట్లు తిప్పాను. "ఇప్పుడు?"

"ఎనిమిది."

ఇంకో చుట్టు.

"ఆరు. ఇంక రాదు మిల్ట్రీ అన్నా. రాయి మాదిరి ఉండాది."

లివరు దించమని, చక్రాలు చేత్తో తిప్పి చూశాను. రెండూ రాసుకోకుండా తిరిగాయి. అప్పటికి రెండూ నలభై.

మూడూ పదిహేనుకు బండిని అదే వాలులో, అదే చోట, ట్యాంకు నిండా నీళ్లతో నిలిపాను. ఇంజను నడుస్తోంది. పంపు తిరుగుతోంది. గేరు న్యూట్రల్. లివరు ఆరు టక్కులు. రాళ్లు లేవు. చక్రం మీద, నేల మీద సుద్దతో గీత గీసి పక్కకు వచ్చాను. సూపర్‌వైజరూ ఆడవాళ్లూ చూస్తున్నారు.

అంజినమ్మ అడిగింది. "మేం నిల్చుకునేది ఆడ కాదు గదా?"

నిజమే. వాళ్లు నిలబడేది బండి వెనక, కిందివైపు. వెళ్లి అక్కడ నిలబడ్డాను. వీపు బండికి పెట్టి, వాచీ చూసుకుంటూ. ఎండ మాడుతోంది. ఇంజను చప్పుడు వీపు మీద అదురుతోంది. భయపడలేదని చెప్పను. నా చేతి పని నాకు తెలుసు, అంతే. పది నిమిషాలు. తిరిగి చూస్తే సుద్ద గీతలు రెండూ ఒకే వరసలో ఉన్నాయి.

సూపర్‌వైజరు తనే క్యాబిన్ ఎక్కి లివరు దించి, లాగి, దిగాడు. రిజిస్టరు తెప్పించి నా పేరు కింద తన సంతకం కూడా పెట్టాడు. "తక్కిన మూడు బండ్లవి గూడా విప్పి చూడు," అన్నాడు. చూశాను. ఆ తర్వాత అక్కడ ఉన్నన్నాళ్లూ ఒక్క బండి కూడా తనంతట తాను కదల్లేదు.

పద్నాలుగు నెలలకు కాంట్రాక్టు ముగిసింది. అదే ట్రంకుతో మా పల్లెకు తిరిగొచ్చాను. రచ్చకట్ట మీద కూర్చున్నవాళ్లు మంచు కొండల గురించి అడుగుతారు. తుపాకుల గురించి అడుగుతారు. నాకు రెండు పతకాలున్నాయి, చూపిస్తాను. కానీ గర్వపడిన రోజేదని అడిగితే పావగడ గురించి చెబుతాను. కొందరు నవ్వుతారు. హ్యాండ్ బ్రేకేనా అంటారు.

వాళ్లు చూడనిది నేను చూశాను. బ్రేకు బాగుచేసిన మూడో రోజు, గుట్ట పక్క బ్లాకు, పది గంటలు. పని ఆగింది. మరుసటి రోజు పనికి ట్యాంకు నింపిన బండి వాలులోనే ఉంది. దాని నీడ కిందివైపు పడింది. అంజినమ్మ వచ్చి వెనక చక్రానికి వీపు ఆనించి, కాళ్లు చాపుకుని కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. కాసేపటికి తల టైరు మీదికి వాలింది. నోరు కొంచెం తెరుచుకుంది. పైన నిండు ట్యాంకు, కింద ఆమె నిద్ర.