శాలిబండలో ఆరు కంప్యూటర్లు

ఎనభైలలో మా సంస్థ ఖాతాల ఆఫీసు మహబూబ్‌నగర్‌లో, కంప్యూటర్ సెంటరు హైదరాబాదు పాతబస్తీలోని శాలిబండలో ఉండేవి. ఒక నెలాఖరున మా అకౌంట్స్ ఆఫీసరు గారు నన్ను పిలిచి, నంబర్లు చెక్కిన ఆరు రేకు బిళ్ళలు చేతిలో పెట్టారు. "శాలిబండలో మనవి ఆరు కంప్యూటర్లున్నాయట. ఒక్కోదానికి ఒక్కో బిళ్ళ అతికించి రండి. అడిగితే ఏడోది కూడా ఇస్తారట, అది క్యాంటీన్ వాళ్ళకు ఇవ్వొచ్చో లేదో చూడండి," అన్నారు. ఆరు కంప్యూటర్లు కొనేంత స్తోమత మాకెప్పుడొచ్చిందో అర్థం కాలేదు. ఆఫీసులో కంప్యూటర్ల చదువు చదివింది నేనొక్కదాన్నే కాబట్టి ప్రయాణం తప్పలేదు.

తెల్లవారుతూనే ప్యాసింజరు ఎక్కాను. చిన్న పట్టాల బండి. జడ్చర్లలో చాయ్ దొరుకుతుంది, తాగకపోయినా నష్టం లేదు. షాద్‌నగర్‌లో గౌలిపురకు పాలు చేరవేసే ఒక పెద్దమ్మ క్యాన్లతో ఎక్కి నా పక్కన సర్దుకుంది. నా సంచిలో బిళ్ళల చప్పుడు విని, "బర్రెల మెడలకా బిడ్డా?" అనడిగింది.

"కాదమ్మా, కంప్యూటర్లకు."

"గవి గూడ తప్పిపోతయా?"

తొమ్మిదికి ఫలక్‌నుమాలో దిగి సిటీ బస్సు పట్టుకున్నాను. శాలిబండలో దిగి ఎవరినడిగినా సెంటరు చూపిస్తారు. అది నవాబుల కాలం నాటి పాత దేవిడీ; కంప్యూటర్ల కోసం ఏసీ పెట్టడంతో ఎండాకాలం కూడా చలిపెట్టే హాలు ఆ చుట్టుపక్కల అదొక్కటే. వెళ్ళదలచినవారు శాలువా మరిచిపోవద్దు.

గేటు దగ్గర మా వర్క్‌షాపు కార్మికులు గుంపుగా నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒక ఫిట్టరు ముందుకొచ్చి, "అమ్మా, మీరు మిషన్ డాక్టరా? ఇయ్యాల జీతం రోజు. చిట్టీలు అచ్చయితెనే క్యాషియర్ పైసలిస్తడట. పొద్దుగాల్నుంచి నిలబడ్డం," అన్నాడు. చూస్తానని చెప్పి లోపలికి వెళ్ళాను.

సెంటరు ఇన్‌చార్జి నర్సింగరావు గారు చాయ్ తెప్పించి, గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పారు.

"మిషన్ ఒక్కటే మేడం. కని ఆరు శాఖలకు ఆరున్నట్టు కనవడ్తది."

అలా కనిపించేలా చేసే ప్రోగ్రాం ఒకటుందని నేను పుస్తకాల్లో చదివాను. ఏ శాఖ తెర ముందు కూర్చున్నా యంత్రమంతా తమదేననిపిస్తుంది. చూడడం మాత్రం అదే మొదలు.

"వాళ్ళకు చెప్పలేదా?"

"చెప్పిన. మాకు సొంతం గావాలె అని ఒకటే లొల్లి. గందుకే సొంతమే అన్న. ఫికర్ పోయింది."

ఫికర్ పోలేదు, హాల్లోకి చేరింది. నెలాఖరు కావడంతో ఆరు శాఖలూ ఒక్కసారే పెద్ద పని పెట్టాయి. యంత్రం జ్ఞాపకంలో అన్నింటికీ చోటు లేదు. ఒకరి పని తీసి డిస్కులో పెట్టి, ఇంకొకరిది తెచ్చుకుని, అది మొదలయ్యేలోపే మళ్ళీ తీసేసి... సర్దుకోవడంతోనే దానికి పొద్దు గడుస్తోంది. దీపాలన్నీ వెలుగుతున్నాయి, ప్రింటరు మాత్రం కదలడం లేదు. శాఖలు వంతులవారీగా పని చేసుకుంటే తప్ప ఇది తేలదనిపించింది.

స్టోర్స్ శాఖది అన్నిటికంటే పెద్ద పని. ఆ ఆఫీసరు దేవదానం గారు తన తెర ఉన్న గదికి తాళం వేసుకుని, తాళంచెవి జంధ్యానికి కట్టుకున్నంత భద్రంగా జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. సాయంత్రం దాకా ఆపమని అడిగాను.

"జీతాలోళ్ళ కంప్యూటర్ ఖరాబైతె నాది బందు చేసుడేంది మేడం? నాది మంచిగనే ఉంది, జర నిదానం అంతే," అన్నారాయన. ఆయన వైపు నుంచి చూస్తే ఆ మాటలో తప్పేమీ లేదు. జీతాల శాఖ తప్ప మిగతా నలుగురూ అదే అన్నారు.

ఇక లాభం లేదని ఆరుగురినీ హాల్లోకి పిలిచి, నిలువెత్తు బీరువాల వంటి యంత్రం చూపించి, ఉన్నది ఇదొక్కటేనని చెప్పాను. దేవదానం గారు మెల్లగా దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, వెనక్కి కూడా తొంగిచూసి వచ్చారు.

"మరి నాది ఏ బాజు ఉంది?"

నర్సింగరావు గారు తడుముకోకుండా, "మీది కిటికీ దిక్కు సార్," అన్నారు. కొంపలంటుకున్నాయి. కిటికీ దిక్కు తమకెందుకు ఇవ్వలేదని రవాణా శాఖ ఆయన మొదలుపెట్టారు. తలుపు పక్కన దుమ్ము పడుతుందని మరొకరు. గేటు బయట కార్మికుల కేకలు పెద్దవవుతున్నాయి. అప్పుడు నాకు ఒక్క మాటే తోచింది.

"దేవదానం గారూ, మీ జీతం చిట్టీ కూడా అందులోనే ఇరుక్కుంది."

ఆయన జేబులోంచి తాళంచెవి తీశారు. మిగతావాళ్ళు కూడా తమ పనులు ఆపడానికి ఆయన వెనకాలే వెళ్ళారు.

పావుగంటకు ప్రింటరు గుర్రుమంది. చిట్టీలు బయటికి వెళ్తుంటే గేటు దగ్గర చప్పట్లు వినిపించాయి. బిళ్ళలు ఆరూ ఆ ఒక్క యంత్రానికే వరసగా అతికించాం. చివరికి అది ఊరేగింపు గుర్రంలా తయారైంది.

మధ్యాహ్నం మహబూబ్‌నగర్ నుంచి ట్రంకు కాలు వస్తే సంగతంతా చెప్పాను. "ఆరు ఒకదాంట్లో పట్టినప్పుడు ఏడోదానికి ఏం నొప్పి?" అన్నారు ఆఫీసరు గారు.

"పట్టలేదు సార్. పట్టినట్టు కనిపించాయంతే. మామూలు రోజున నాలుగు, జీతం రోజున ఒక్కటి. ఏడోది ఉండొచ్చని మాత్రం నేను సంతకం పెట్టను."

ఆయన ఫోను పెట్టేశారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియకుండానే, దగ్గర్లోని ఇరానీ హోటల్లో ఉస్మానియా బిస్కెట్లు నాలుగు తిన్నాను. బాగున్నాయి.

సాయంత్రం ఫలక్‌నుమాలో బండెక్కి కూర్చున్నాక దేవదానం గారు ప్లాట్‌ఫారం మీద రొప్పుతూ నా కిటికీ వెతుక్కుంటూ వచ్చారు.

"మేడం, ఒక్క ముచ్చట. ఇయ్యాల బందు చేసిన గదా. రేపు తెరిస్తె నాదే వస్తదా, వేరేటోనిదా?"

బండి కదిలింది.

"మీదే సార్! ఎక్కడ ఆపారో అక్కడి నుంచే!" అని అరిచాను. ఆయన ముఖం వికసించింది. చెయ్యి ఊపుతూ అక్కడే నిలబడిపోయారు.

అబద్ధమాడి ఆయన్ని సంతోషపెట్టానేమో అనుకుంటూ కూర్చున్నాను. చుట్టూ తిరిగి చూసినా ఆయన కంప్యూటరు ఎక్కడా లేదు. అయినా రేపు పొద్దున ఆయన కోసం సరిగ్గా అదే తెరుచుకుంటుంది. నేను చెప్పింది నిజమేనని నాకు నేను ఒప్పుకునేసరికి షాద్‌నగర్ దాటింది.