వీబె చేతికి చిక్కిన డ్రోన్లు

మా డ్రోన్ల క్లబ్బు పెద్ద వీబెకి ఒకటే జబ్బు. కొన్న డ్రోన్‌ని కొన్నట్టుగా ఎగరనివ్వడు. కెమెరా బొమ్మ కనబడే కళ్లద్దాలు తగిలించుకుంటే మనమే అందులో కూర్చుని ఎగురుతున్నట్టుండే డ్రోన్లు మావి. పెట్టె విప్పీ విప్పకముందే లాక్కుని, కాసేపు గాల్లో నిలబెట్టి, చెవి ఒగ్గి, "వణుకుతోంది" అనేవాడు. ఇక ఆ ఆదివారం గంగపాలే. గట్టు కింద గొర్రెల మధ్య మేం చలికి కొంకర్లు పోతుంటే, ల్యాప్‌టాప్‌లో ఏవో అంకెలు మార్చేవాడు, లేచి పచార్లు చేసేవాడు, మళ్లీ కూర్చునేవాడు.

నా కొత్త డ్రోన్ బంగారంలా ఎగిరేది. దీనికి వంక లేదు, వదిలెయ్యమని బతిమాలాను.

"ఫ్యాక్టరీ వాడికి మన ఫ్రీస్‌లాండ్ గాలి ఏం తెలుసోయ్?" అన్నాడు. పొద్దు వాలాక తిరిగిచ్చాడు. అంతకుముందు ఎలా ఎగిరిందో అలాగే ఎగిరింది.

మా క్లబ్బుకో కట్టుబాటుంది. డ్రోన్ కూలినప్పుడు తప్పు చేతిదైతే, కూల్చినవాళ్లు పై వారం అందరికీ కేక్ తేవాలి. యంత్రానిదైతే అక్కర్లేదు. తీర్పు చెప్పేది వీబె. ఎప్పుడూ యంత్రానిదే తప్పనేవాడు. అతని పెద్దరికంలో మేం కేక్ మొహం చూసి ఎరగం.

అలాంటి రోజుల్లో బౌక్యె గారు చేరారు. ఏళ్ల తరబడి సరస్సులో పడవ నడిపిన మనిషి. చేతులకు వణుకొచ్చి చుక్కాని వదిలేశారు. ఆ నీళ్లమీద ఇంకోసారి తిరగాలని డ్రోన్ కొన్నారు. ఆవిడ వచ్చిన ప్రతి ఆదివారం అది గట్టు పక్క కాలవలోనే పడింది. ఉన్నమాట మొహానే అనడం మావాళ్ల అలవాటు. కోశాధికారి సిట్సె అననే అన్నాడు.

"డ్రోన్‌కేం, బాగానే ఉందండీ. మీ చేతులే."

ఆవిడ డ్రోన్ పెట్టెలో సర్దేసి, ఇక రానన్నారు. నాకు ప్రాణం ఉసూరుమంది. వీబె పెట్టె లాక్కున్నాడు.

"ఇది వణుకుతోందండీ. వారం నా దగ్గరుంచండి. రిమోట్ కూడా."

పై ఆదివారం ఆవిడ డ్రోన్ గట్టు దాటి, సరస్సు మీదికెళ్లి, పాత రేవు చుట్టూ తిరిగి, ఒడుపుగా వచ్చి గడ్డిలో దిగింది. ఆవిడ అద్దాలు తీయకుండా అలాగే నవ్వుతూ నిలబడ్డారు. వీబెని పక్కకి లాగి, డ్రోన్‌లో ఏం మార్చావని అడిగాను.

"డ్రోన్ ముట్టుకోలేదు. చిన్న వణుకుల్ని పట్టించుకోవద్దని రిమోట్‌కి చెప్పానంతే."

"మరి మావన్నీ?"

"పెట్టెలోంచి వచ్చినవి చాలావరకు బాగానే ఎగురుతాయి. ఆ మాట నేనే అంటే, కూలిన ప్రతిసారీ తప్పు ఎవరి చేతిదవుతుంది?"

చలిలో కరిగిపోయిన నా ఆదివారాలు తలుచుకుంటే ఒళ్లు మండింది. కానీ ఆ క్షణాన అతని మీద కోపం నిలవలేదు.

మరుసటి వారం బౌక్యె గారు, ఎవరూ అడక్కుండానే, ఆపిల్ కేక్ తెచ్చారు. అడుగంతా మాడింది. సిట్సె నోరు తెరవబోయాడు. వీబె అతని నోట్లో ఓ ముక్క కుక్కి, తానొకటి నమిలి, ఆవిడ వైపు తిరిగాడు.

"తప్పు ఓవెన్‌దేనండీ. ఫ్యాక్టరీ సెట్టింగులు. వచ్చేవారం పట్టుకురండి, నేను చూస్తాను."