చిన్న రికార్డు, పెద్ద భయం

భయపడటానికి కూడా కష్టపడాల్సి వచ్చిన రోజులవి. ఇప్పటి పిల్లలకు మీట నొక్కితే చాలు, గదిలోకి భయం వచ్చి కూర్చుంటుంది. డెబ్భైల్లో మేం ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఎండలో వంగి, వంటల పుస్తకాల కింద, పాత గైడ్ల కింద వెతికి, అట్ట ఊడిన ఇంగ్లీషు భయం కథల పుస్తకం ఒకటి దొరికితే నిధి దొరికినట్టు గంతులేసేవాళ్ళం. దయ్యాల కథలు కావవి (దయ్యాల కథలంటే నాకు చిన్నచూపు, ఇప్పటికీ). దయ్యానికి మన మీద కక్షయినా ఉంటుంది. ఈ కథల్లో నక్షత్రాల అవతలి నుంచి వచ్చేదానికి మనం ఉన్నామన్న సంగతే పట్టదు. మనం చీమను చూడకుండా తొక్కేసినట్టు తొక్కుకుంటూ పోతుంది. పద్దెనిమిదేళ్ళ వయసులో అది నాకెందుకో గొప్ప వేదాంతంలా తోచేది.

ఆ వేదాంతంలో నాకు తోడు మా క్లాసులోనే ఉండే నార్సింగి. అసలు పేరు వేరే. రోజూ ఊరవతలి నార్సింగి నుంచి బస్సులో కాలేజీకి వచ్చేది కాబట్టి అందరికీ నార్సింగే. నేను లాయరమ్మను. (ఎందుకో ఈ వ్యాసం పూర్తయ్యేలోగా మీకే తెలుస్తుంది.) మా నాన్నగారు గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చిన సర్కారు ఉద్యోగి. నార్సింగి వాళ్ళ అన్న చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళిళ్ళకు మైకు సెట్టు కిరాయికిచ్చేవాడు. పుస్తకం ఒకటే, చదివేవాళ్ళం ఇద్దరం. కాబట్టి ఒక వారం నాది, ఒక వారం తనది. చదువుతూ అంచుల్లో పెన్సిలుతో రాయాలన్నది నియమం. నేను అర పేజీ వాదన రాస్తే, దాని కింద తను ఒక్క ముక్క రాసేది: "గంత భయం ఉంటే గుహలకు ఎందుకు పోయిండు?" దానికి నా దగ్గర జవాబు ఉండేది కాదు. అందుకని ఇంకో అర పేజీ రాసేదాన్ని.

ఒక ఆదివారం అదే ఫుట్‌పాత్ మీద నాకో పెద్ద రికార్డు అట్ట దొరికింది. నల్లటి ఆకాశం, అందులో ఒకే ఒక కన్ను. లోపల చూస్తే, అంత అట్టలోనూ అరచేతికి కాస్త పెద్దదైన చిన్న రికార్డు. దాని మీద ఏదో అర్థం కాని విదేశీ భాష. (అట్ట ఒకదానిది, రికార్డు ఇంకొకదానిది అయ్యుంటుందని ఒక్క క్షణం కూడా నాకు తట్టలేదు.) మా బాబాయి ఉద్యోగరీత్యా క్యాంపులకు పోతూ బ్యాటరీలతో నడిచే తన రికార్డు ప్లేయర్‌ను మా ఇంట్లో ఉంచేవాడు. దాని మీద ముల్లు పెట్టగానే ఏమి మూలుగు! పాతాళంలోంచి ఎవరో పేగులు పట్టుకుని లాగుతున్నట్టు గొంతులు, ఏనుగు నిద్రలో నడుస్తున్నట్టు డప్పు. మా కథల్లోని జీవి గొంతు ఇదేనని అప్పుడే తీర్మానించాను. కిటికీలు మూసి, దీపం ఆర్పి, నార్సింగిని దూరంగా కూర్చోబెట్టి మరీ వినిపించేదాన్ని. రికార్డును ఎవరినీ ముట్టనిచ్చేదాన్ని కాదు.

ఆ ఏడాది చలికాలంలో క్లాసు పిల్లల్ని ఎనిమిది మందిని పోగుచేసి నార్సింగి ఊరి అవతలి బండల మీద భయం సభ పెట్టాను. ఇప్పుడు అద్దాల మేడలు లేచిన కోకాపేట వైపు అంతా అప్పుడు బండలూ, సీతాఫలం చెట్లూ, గాలీ తప్ప ఏమీ లేవు. కథను నేనే తెలుగులోకి దించాను. అందులో ఒక బండ కింద నలభై అయిదు మెట్లు, చివరి మెట్టు దగ్గర ఆ జీవి. నేను చివరి మెట్టు చదవగానే రికార్డు మోగాలి, అదీ ఏర్పాటు. ముందు నార్సింగి వాళ్ళింట్లో భోజనాలు. వాళ్ళమ్మ సర్వపిండి రొట్టెలు కాలుస్తూ ఉండగా ప్లేయర్‌కు బ్యాటరీలు మార్చి ఒకసారి మోగించి చూశాను. ఆవిడ అట్లకాడ పట్టుకుని వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"ఏంది బిడ్డా, మా బర్రె ఈనేటప్పుడు గిట్లనే మూలిగింది. పాపం ఎవలకన్న నొప్పులొస్తున్నయా?"

పిల్లలంతా విరగబడి నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలో ఉండగానే నార్సింగి రికార్డును మొదటిసారి చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, నన్ను పెరట్లోకి పిలిచింది.

"లాయరమ్మా, జర ఇను. ఇది మెల్లగ తిరుగుతున్నది. చిన్న రికార్డు జోరుగ తిప్పాలె. నిమిషానికి నలభై అయిదు చుట్లు, దీనిమీద రాసే ఉన్నది. పక్కన మీట ఉంటది, జరుపుతే అయిపాయె."

"నలభై అయిదు మెట్ల సంఖ్యే! కథ చదవలేదూ నువ్వు?"

"కథకూ దీనికీ ఏం సంబంధమే? మా అన్న రోజూ తిప్పుతడు, నాకు తెల్వదా?"

తనకు తెలుసు. తెలుసని నాకూ ఆ క్షణంలోనే అర్థమైంది. అర్థమైంది కనుకనే గొంతు పెంచాను.

"మీ అన్న పెళ్ళిళ్ళలో మైకులు కట్టుకుంటాడు. ఇది పెళ్ళి పాట కాదమ్మా. కొన్ని అర్థం కావాలంటే పుట్టుకతో రావాలి."

అనేశాను. వరండాలోని పిల్లలందరికీ వినబడింది, రొట్టె తిప్పుతున్న వాళ్ళమ్మకు కూడా. నార్సింగి రికార్డును చీరకొంగుతో తుడిచి అట్టలో పెట్టింది.

బండ మీద నేను చదువుతుంటే ప్లేయర్ దగ్గర కూర్చున్నది తనే. చివరి మెట్టు వచ్చింది. తల ఎత్తి చూశాను. తన చెయ్యి మీట మీద ఉంది. ఒక్క వేలు కదిపితే చాలు, ఎనిమిది మంది ముందు నా పరువు ఆ బండల్లో కలిసిపోయేది. (ఆ రోజు అక్కడ నిజంగా భయపడింది నేనొక్కదాన్నే.) తను నా వైపు చూసింది. మీట మీంచి చెయ్యి తీసేసి ముల్లు దించింది. మూలుగు మొదలైంది. గాలి, బండలు, ఆ గొంతు! ఒక పిల్ల ఏడ్చేసింది కూడా. సభ బ్రహ్మాండంగా జరిగిందని కాలేజీలో నెల రోజులు చెప్పుకున్నారు.

ఆ వారంలోనే బాబాయి క్యాంపు నుంచి వచ్చి, నేను పెట్టుకున్న రికార్డు విని, "అదేమిటే, ఆవలిస్తూ పాడుతున్నారు వీళ్ళు?" అంటూ మీట జరిపాడు. అకార్డియన్! చప్పట్లు! పది మంది కలిసి గుండ్రంగా తిరుగుతూ లాలలా అని పాడుతున్నట్టున్న హుషారు పాట. వెనక గ్లాసుల చప్పుడు, ఆడవాళ్ళ నవ్వులు. ఏ దేశంలోనో ఎవరిదో పెళ్ళి పాటే అయ్యుంటుంది. బాబాయి కాలితో తాళం వేస్తుంటే నేను వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగాను.

మర్నాడే చెప్పేద్దామనుకున్నాను. కానీ మర్నాడు ఎవరో మళ్ళీ నా సభను మెచ్చుకున్నారు. సోమవారం చెబుదామనుకున్నాను, పరీక్షల తర్వాత అనుకున్నాను. ఈలోగా తను బెంచీ మార్చింది. పుస్తకం తన వంతు వారం అయ్యాక నాకు తిరిగొచ్చింది, అంచుల్లో ఒక్క ముక్క లేకుండా. డిగ్రీ అయ్యాక టీచరు ట్రైనింగుకు వెళ్ళిందని విన్నాను. అంతే. ఎదుటి మనిషి ఉందన్న సంగతే పట్టకుండా తొక్కుకుంటూ పోయే జీవిని వెతుక్కుంటూ నక్షత్రాల అవతలకు పోనక్కర్లేదని నాకు తెలియడానికి అంత ఆలస్యమైంది.

ఈ మధ్య పనిమీద కోకాపేట వెళ్ళాను. మా బండ ఉన్నచోట గాజు మేడ. ముందున్న పచ్చికలో అందం కోసం ఒక చిన్న బండను ఉంచి లైట్లు పెట్టారు. నార్సింగిలో దిగి మైకు సెట్టు వాళ్ళ ఇల్లు ఎక్కడని అడిగాను. "ఎప్పటి ముచ్చటమ్మా అది?" అన్నాడొక పెద్దాయన. నిజమే, ఎప్పటి ముచ్చట!

బాబాయి ప్లేయర్ ఇప్పుడు నా దగ్గరే ఉంది, ఆ రికార్డు కూడా. అప్పుడప్పుడు పెట్టుకుంటాను. మీట మీద వేలు పెడతాను, సరైన వేగంలో విందామని. మరుక్షణం తీసేస్తాను. ఆ మూలుగే రానిస్తాను. పాత పుస్తకం తెరిచి, నా అర పేజీ వాదన కింద మిగిలిపోయిన ఖాళీలో మొన్న పెన్సిలుతో రాశాను: "నువ్వు చెప్పిందే రైటు." చదువుకుంటే నవ్వొచ్చింది. జీవితంలో లాయరమ్మ రాసిన అతి చిన్న వాక్యం అదే, అదీ ఎదుటి పక్షం లేని కోర్టులో.