ఇద్దరు రవి కుమార్‌లు

2023లో వానలు తగ్గి, డెంగీ జ్వరాలు ముమ్మరంగా ఉన్న రోజులవి. గ్రేటర్ నోయిడాలోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నేను మెడికల్ రికార్డ్స్ ఆఫీసర్‌ని. మాది ఏలూరు. పెళ్ళయ్యాక ఇటు వచ్చి, ఈ పనిలోనే స్థిరపడ్డాను. మా విభాగం బేస్‌మెంట్‌లో ఉండేది. రోగులు మమ్మల్ని చూడరు, మేమూ వాళ్ళని చూడం. వాళ్ళ కాగితాలు మాత్రం మా చేతుల మీదుగానే వెళ్తాయి.

అంతకు కొంతకాలం ముందే మా ఆస్పత్రి ఇంటర్నెట్‌లో నడిచే డాక్యుమెంట్ సిస్టమ్‌కి మారింది. వార్డుల నుంచి వచ్చిన ప్రతి కాగితాన్నీ స్కాన్ చేసి, అది ఏ రోగిదో, ఏ రకం కాగితమో నమోదు చేయాలి. దీన్ని ఇండెక్సింగ్ అంటాం. ప్రతి రోగికీ యూహెచ్‌ఐడీ అని ఒక నంబరు ఉంటుంది. కాగితం మీది బార్‌కోడ్‌ని యంత్రం చదివి, ఆ నంబరున్న ఫోల్డర్‌లోకి పంపుతుంది. బార్‌కోడ్ నలిగిపోతే మనమే పేరు కొట్టి, వచ్చిన జాబితాలోంచి మనిషిని ఎంచుకోవాలి. ఫోల్డర్‌లో కాగితం పడగానే ఇంటివాళ్ళకి మెసేజ్ వెళ్తుంది. వాళ్ళు ఏ ఊళ్ళో ఉన్నా ఫోన్‌లో తెరిచి చూసుకోవచ్చు. చుట్టూ కాలేజీలే కాబట్టి మా రోగుల్లో హాస్టల్ పిల్లలు ఎక్కువ. దూరాన ఉన్న తల్లిదండ్రులకి ఆ మెసేజ్ పెద్ద ధైర్యం.

ఆ రోజు పొద్దున ఇంకా టీ కూడా తాగలేదు. హెల్ప్‌డెస్క్ అమ్మాయి ఒక కాల్ నాకు కలిపింది. ఎవరో దక్షిణాది ఆయనట, ఏం చెబుతున్నారో ఆమెకి అర్థం కావడం లేదట. “రో రహే హైఁ మేడమ్” అంది, ఏడుస్తున్నారని.

నేను “చెప్పండి సార్, నేను తెలుగే” అనగానే అవతల ఏడుపు ఆగింది.

“మేడమ్, మాది మిర్యాలగూడ. మోటార్లు రిపేర్ చేసే షాపు నాది. నా కొడుకు రవి కుమార్ మీ దవాఖానల ఉన్నడు. రాత్రి నాతోని మంచిగనే మాట్లాడిండు. ఎట్ల పోయిండో ఒక్క ముక్క చెప్పుండ్రి.”

ఆయన చెప్పిన వివరాలతో ఫోల్డర్ తెరిచాను. పై వరసలోనే ఉంది: డెత్ సమ్మరీ. రోగి ఎలా చనిపోయాడో డాక్టర్ రాసి సంతకం చేసే కాగితం అది. రవి కుమార్ అనే ఉంది. వయసు దగ్గర యాభై రెండు అని ఉంది.

“సార్, మీ అబ్బాయి వయసెంత?”

“ఇరవై నడుస్తున్నది. ఇంజనీరింగ్ చదువుతుండు. మేడమ్, మెసేజ్ వచ్చింది, తెరిస్తే పైన ఆ మాట ఉన్నది. అంతకన్న నేను చదవలే. వానికి ఫోన్ చేస్తుంటే ఎత్తుతలేడు.”

కాగితం తప్పు పడిందన్న మాట నా నోటిదాకా వచ్చింది. కానీ మా దగ్గర వయసు తప్పు టైపయిన కాగితాలూ చూశాను. కళ్ళతో చూడకుండా ఒక తండ్రికి ఆ మాట ఎలా చెప్పను? ఆయన నంబరు తీసుకుని, నా మొబైల్ నుంచి మళ్ళీ కలిపి, “ఫోన్ పెట్టేయకండి సార్” అని చెప్పి మెట్లెక్కాను. లిఫ్ట్ కోసం ఆగే ఓపిక లేదు.

ఫోల్డర్‌లోని మంచం నంబరు ప్రకారం వార్డులో వెతికితే, కిటికీ పక్క మంచం మీద ఆ అబ్బాయి తల మీదుగా దుప్పటి కప్పుకుని ఉన్నాడు. కదలిక లేదు. సిస్టర్‌ని అడగాలని కూడా తోచలేదు. దగ్గరికి వెళ్ళి దుప్పటి లాగాను.

అతను ఉలిక్కిపడి లేచాడు. “క్యా హువా?” అన్నాడు నిద్రమత్తులో.

“మీ నాన్న. మాట్లాడు బాబూ” అని ఫోన్ చేతికిచ్చాను.

“హలో నాన్నా. పండుకున్ననే, ఫోన్ సైలెంట్‌ల ఉంది. ఏమైంది?” అన్నాడు. అవతల ఏడుపు నాకు కూడా వినిపించింది. ఆ అబ్బాయి నా వంక బిత్తరపోయి చూస్తూ, “నాన్నా, ఏడుస్తున్నవా?” అని అడుగుతూనే ఉన్నాడు.

కిందికి దిగుతుంటే కాస్త ఊపిరి ఆడింది. గండం గడిచిందనుకున్నాను. సగం మెట్ల మీద ఉండగా ఇంకో ఆలోచన వచ్చింది. ఆ డెత్ సమ్మరీ ఎవరో ఒకరిది కదా. ఈ అబ్బాయి కాగితం ఎక్కడికి పోయినట్టు?

స్కానింగ్ టేబుల్ దగ్గర మా ఆపరేటర్ వికాస్ ఉన్నాడు. ఇద్దరు పిల్లల తండ్రి, నెమ్మదైన మనిషి. విషయం చెప్పగానే అతను పొద్దుటి కాగితాలు ముందుకు లాగాడు. ఆ కట్ట మీద నీళ్ళు ఒలికి, తడిసిన బార్‌కోడ్‌లని యంత్రం చదవలేదట. పేరు కొడితే ఇద్దరు రవి కుమార్‌లు వచ్చారు. ఇద్దరికీ డెంగీయే. రెండు కాగితాలకీ ఒకరి బదులు ఒకరిని ఎంచుకున్నాడు. మా తనిఖీ సాయంత్రం, అదీ కొన్ని కాగితాలకే. మెసేజ్ మాత్రం ఆ క్షణానే వెళ్ళిపోతుంది.

రెండో రవి కుమార్ ఫోల్డర్ తెరిచాను. ఆయన ఆ తెల్లవారుజామునే ఐసీయూలో పోయాడు. ఆయన ఫోల్డర్‌లో కుర్రాడి ప్రోగ్రెస్ నోట్ ఉంది. రోజూ డాక్టర్ చేత్తో రాసే చీటీ అది. అందులో పేరే ఉంది, వయసు లేదు. జ్వరం తగ్గింది, ప్లేట్‌లెట్లు పెరుగుతున్నాయి, రేపు డిశ్చార్జ్ చేయవచ్చు అని ఉంది. ఎవరు ఏ కాగితం తెరిచారో సిస్టమ్ గుర్తుపెట్టుకుంటుంది. ఆ చీటీని ఎవరో మళ్ళీ మళ్ళీ తెరిచి చదివారు.

అప్పుడే హెల్ప్‌డెస్క్ వాళ్ళు పంపగా ఒకాయన మా తలుపు దగ్గరికి వచ్చాడు. చనిపోయిన రవి కుమార్ తమ్ముడినన్నాడు. హిందీలో, గొంతు పెంచకుండానే అడిగాడు.

“మేడమ్, మా అన్న కూతురు పుణేలో ఉద్యోగం చేస్తోంది. ఒక్కతే కూతురు. ఒంటరిగా ప్రయాణం చేయాలి కదా అని, నాన్నకి సీరియస్‌గా ఉంది, వెంటనే రా అని మాత్రమే చెప్పాను. ఇప్పుడు ఫోన్ చేసి, ‘చాచాజీ, ఎందుకలా భయపెట్టారు, నాన్న రేపు ఇంటికొస్తున్నారు, రిపోర్ట్ చూశాను’ అంటోంది. నవ్వుతోంది మేడమ్. మీరు ఏం పెట్టారు అందులో?”

ఆయనకి కుర్చీ చూపించాను. ఆయన కూర్చోలేదు.

వెనక వికాస్ తప్పు దిద్దడానికి మౌస్ పట్టుకున్నాడు. “ఆగు” అన్నాను. దిద్దితే డెత్ సమ్మరీ ఆమె తండ్రి ఫోల్డర్‌లో పడుతుంది. వెంటనే ఆమె ఫోన్ మోగుతుంది. తండ్రి పోయిన సంగతి ఆ పిల్లకి మా మెసేజ్ చెబుతుంది. ముందు రెండు ఫోల్డర్లూ బయటివాళ్ళకి కనబడకుండా మూయించాను. మెసేజ్‌లు ఆపించాను. తర్వాతే ఆయనకి జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. “నేను చెబితే చాచా అబద్ధం చెబుతున్నాడనుకుంటుంది. కాగితం తప్పని ముందు మీరు చెప్పండి. మిగతాది నేను చెబుతాను” అన్నాడు.

ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు. ఆమె గొంతు ఇంకా తేలిగ్గానే ఉంది. నేనెవరో చెప్పాను. మీరు చూసిన రిపోర్ట్ అదే పేరున్న వేరే రోగిది, తప్పు మా ఆస్పత్రిది అన్నాను. బాబాయి “బేటా” అన్నాడు. ఆ ఒక్క పిలుపుతో ఆమెకి అర్థమైపోయింది.

“ఎప్పుడు?” అంది.

“పొద్దున్నే, బేటా. నీకు ఫోన్ చేసేటప్పటికే.”

ఆ తర్వాత ఆమె అడిగింది నన్నో, బాబాయినో ఇప్పటికీ తెలియదు. “అంటే నాన్న పోయాక నేను నవ్వానా?”



మిర్యాలగూడ ఆయన, కొడుకు బాగున్నాడని తెలిసి కూడా, మర్నాటికి వచ్చేశాడు. ఫిర్యాదు చేయమని మేమే కాగితమిచ్చాం. క్షమాపణ చెబుతూ కాగితం సరిదిద్దామని అన్నాను. ఆయన కోపంగా ఏమీ అనలేదు. “కాగితం దిద్దిన్రు మేడమ్. నా కొడుకు లేడని నేను నమ్మిన కదా, అదెట్ల దిద్దుతరు?” అన్నాడు.

విచారణ జరిగింది. వికాస్‌కి మెమో ఇచ్చారు. అతనొక్కడి మీద వేసి ఊరుకోవద్దని నేను రాసిచ్చాను. బార్‌కోడ్ చదవకపోతే పేరుతో ఎంచుకునే వీలు తీసేశారు. నంబరు, వయసు రెండూ కలిస్తేనే కాగితం లోపలికి వెళ్తుంది. డెత్ సమ్మరీ ఇక తనంతట తాను బయటికి వెళ్ళదు. నేను చూసి విడుదల చేయాలి.

కాగితం సరైన ఫోల్డర్‌లో ఉంటే నా పని అయిపోయినట్టేనని అప్పటిదాకా అనుకునేదాన్ని. సరైన కాగితం కూడా ముందుగా చేరితే మనిషిని కూల్చేయగలదని ఆ పొద్దున తెలిసింది. ఇప్పుడు ఏ డెత్ సమ్మరీ వచ్చినా ముందు వార్డుకి ఫోన్ చేసి అడుగుతాను, ఇంట్లో అందరికీ చెప్పారా అని. దూరాన ఉన్నవాళ్ళకి కూడా చెప్పారా అని. అది రికార్డ్స్ వాళ్ళ పని కాదు కదా అని సిస్టర్లు కొన్నిసార్లు విసుక్కుంటారు. నేను ఫోన్ పెట్టేయకుండా జవాబు కోసం ఆగుతాను.