పొద్దున్న ఆరింటి తేమ

నేను శాస్త్రవేత్తనని మనస్ఫూర్తిగా నమ్మిన రోజులు నా జీవితంలో మొత్తం పద్దెనిమిది. అప్పట్లో నేను మొయినాబాద్ దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కొత్తగా చేరిన లెక్చరర్ని. ఉద్యోగం ఖాయం కావాలంటే ఏడాదిలోగా ఒక పరిశోధన పత్రం ఏదో ఒక సదస్సుకు ఎంపిక కావాలి, లేకపోతే దారి చూసుకోవాలి. పదకొండో నెల వచ్చేసరికి నా దగ్గర ఉన్న పరిశోధన అంతా ఒక టెంప్లేటు. (పేరు ఇక్కడ, సారాంశం ఇక్కడ, ముగింపు ఇక్కడ అని ఖాళీలన్నీ ముందే గీసి పెట్టి ఉంటాయి. అది తెరిచి నా పేరు నింపగానే సగం పని అయిపోయినట్టు అనిపించింది. ఆ తృప్తితోనే చాలా నెలలు గడిచాయి.)

హిమాయత్‌నగర్‌లో (సిటీలోది కాదు, మొయినాబాద్ పక్క ఊరు) మా పెద్దబాపుకు, అంటే నాన్న వాళ్ళ అన్నకు, రెండెకరాల టమాట తోట ఉంది. అందులో నాలుగుచోట్ల ఇనుప కడ్డీలు పాతి, ఒక్కోదానికి నేలలో తేమ కొలిచే సెన్సరు కట్టాను. సాయంత్రం కాలేజీ అయ్యాక షేర్ ఆటోలో వెళ్ళి అంకెలు తెచ్చుకునేవాణ్ణి. మూడు కడ్డీలు బుద్ధిగానే ఉన్నాయి. కొట్టం పక్కనున్న నాలుగోది మాత్రం, మోటరు నడవకపోయినా, చుక్క వాన పడకపోయినా, రోజూ పొద్దున్న ఆరింటికి తేమ ఒక్కసారిగా పెరిగిందని చూపించేది. నాకు ఒళ్ళు జలదరించింది. ప్రకృతి తన రహస్యం చెప్పుకోవడానికి ఇంతమందిలో నన్నే ఎంచుకుందన్నమాట! దానికి 'ప్రభాత తేమ' అని పేరు పెట్టి, రెండు పేజీల సమీకరణాలు రాసి, ఒకదాంట్లోకి చంద్రుణ్ణి కూడా లాగాను.

పత్రం రాసింది ఆన్‌లైన్‌లో, అందరూ ఒకేసారి కూర్చుని రాసుకునే సైటులో. ఎవరు ఎక్కడ రాస్తున్నారో రంగురంగుల గీతలు మినుకుమంటూ చూపిస్తాయి. అంచున అభిప్రాయాలు రాసుకునే డబ్బాలు ఉంటాయి, ఒక్కో డబ్బా మీద ఒక టిక్కు గుర్తు. అది నొక్కితే 'సరే, చూశాం' అన్నట్టు డబ్బా మాయమై, రాసినవాళ్ళకు టిక్కు పడిందని కబురు వెళ్తుంది. ముందుగా మా హెచ్‌వోడీ సార్‌కు లింకు పంపాను. తొమ్మిది పేజీల పత్రానికి నాలుగు నిమిషాల్లో "బాగుంది, పంపించెయ్" అని జవాబు వచ్చింది. అంత వేగంగా చదవగలిగినందుకు ఆయన మీద గౌరవం పెరిగింది. తర్వాత పెద్దబాపు కొడుక్కి పంపాను. ఆయనకు చేవెళ్ళలో ఫ్లెక్సీల దుకాణం ఉంది, అందుకని అందరం ఫ్లెక్సీ అన్న అంటాం. పొలం పటం ఒకటి గీసి పెట్టమన్నాను. లింకు ఉన్నవాళ్ళెవరైనా దిద్దవచ్చు అనే మీట నొక్కి మరీ పంపాను.

అన్న ఆ లింకును మా ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. గడువు రోజు మధ్యాహ్నం మూడింటికి పత్రం తెరిస్తే ఏడు రంగుల గీతలు అటూ ఇటూ పరుగెడుతున్నాయి. ఐదింటికల్లా పంపాలి. శీర్షిక ఎర్రగా మారి చుట్టూ పసుపు అంచు వచ్చింది. రచయితల పేర్లు, నాదీ సార్‌దీ కలిపి రెండల్లా, పద్నాలుగయ్యాయి, పైన వరసగా చేతులు జోడించిన ఫొటోలు. అన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, గిదేందే?"

"నీ టెంప్లేటు జర బోసిగుండె తమ్మీ. మంచిగ సెట్ చేసిన."

"గన్ని పేర్లేందే!"

"పొలం బాపుది. బోరు చిన్నాయనది. కరెంటు తీగ మామ ఇంట్లకెళ్ళి గుంజినం. ఒక్కల పేరు ఇడిస్తె రేపు మన ఇంటి ఫంక్షన్‌కు వస్తరా? మీ సారు మనోడు కాదు గద, ఆయన్ని ఆఖరికి పెట్టిన. ఫికర్ చెయ్యకు."

(సదస్సుల ఆచారం ప్రకారం పెద్ద సార్ల పేరు చివరే ఉండాలి. ఆ మాట చెబితే అన్న మళ్ళీ మారుస్తాడని నోరు మూసుకున్నాను.)

లింకు మూసేసి, ఫొటోలు పీకేసి, పేర్లు తీసేసరికి నాలుగున్నర దాటింది. ఇంకా అంచున నలభై డబ్బాలున్నాయి. పై నాలుగు చూశాను. రెండు దండాలు, ఒక గులాబీ పువ్వు, "అన్నం తిన్నవా కొడుకా" అని అవ్వ. మిగతావి చదవకుండా టిక్కు, టిక్కు, టిక్కు. శనక్కాయలు వలిచినట్టు నలభై వలిచి, ఐదింటికి ఎనిమిది నిమిషాల ముందు పంపేశాను. నా పద్దెనిమిది రోజులు అక్కణ్ణుంచి మొదలు.

పదిహేడో రోజు జవాబు వచ్చింది. పత్రం ఎంపికైంది, ప్రభాత తేమ ఎంతో ఆసక్తికరంగా ఉంది, తెల్లవారుజామున తీసిన ఫొటో ఒకటి జతచేయండి అని. హెచ్‌వోడీ సార్ నా భుజం తట్టి, ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద సంతకం పెడతానన్నారు. "ఫొటోకి నేనూ వస్తాను" అని మర్నాడు ఆరింటికల్లా గండిపేట నుంచి కారులో, ఇస్త్రీ చొక్కాతో దిగారు. నాలుగో కడ్డీ పక్కన నిలబడి జుట్టు సవరించుకున్నారు. నేను ఫోన్ ఎత్తాను. అంతలో కొట్టంలోంచి పెద్దబాపు బర్రెను తోలుకొచ్చి, సార్‌కు దండం పెట్టి, దాని పలుపు మా కడ్డీకి కట్టి, పాల చెంబుతో కూర్చున్నాడు. సరిగ్గా ఆరింటికి ఆ బర్రె, చంద్రుడి సాయం లేకుండా, ఒక్క సమీకరణం కూడా వాడకుండా, ప్రభాత తేమను ధారాళంగా నిరూపించింది. సార్ రెండడుగులు వెనక్కి వేశారు.

"పెద్దబాపూ," అన్నాను, "రోజు ఈడనే కడ్తవా?"

"ఔ బిడ్డా. గట్టిగ పాతినవ్ గద, మంచి గుంజ. నీకు రాసిన గదనే?"

"ఏం రాశారు?" అన్నారు సార్.

"గా పేపరు పక్కన డబ్బల సార్. పొద్దుగాల ఆరింటికి భూమిలకెళ్ళి నీళ్ళొస్తున్నయని గీడు రాసిండని మా ఫ్లెక్సీలోడు చదివి చెప్పిండు. 'భూమిలకెళ్ళి కాదు బిడ్డా, బర్రెకెళ్ళి' అని ఒక్క ఏలుతోని గంటసేపు కొట్టిన. గీడే రైట్ మార్కు పెట్టిండు. ఐదో తరగతి ఇడిసినంక నాకు రైట్ పడుడు గదే మొదలు. ఊరంత చెప్పుకున్న."

సార్ అక్కడే ఫోన్‌లో పత్రం పాత చరిత్ర తెరిచారు. ఆ సైటు ఏదీ మరిచిపోదు. పెద్దబాపు మాటలు, కింద టిక్కు, పక్కన నా పేరు. ఉద్యోగం పోయినట్టేనని ఆ క్షణంలోనే అనిపించింది. అంతకంటే ఎక్కువగా, పెద్దబాపు మొహం చూడలేక సిగ్గుతో చచ్చిపోయాను.

"నేను చదవలేదు పెద్దబాపూ."

ఆయన చేతులు ఆగాయి. కోపం రాలేదు, ఆశ్చర్యపోయాడంతే. "చదవకనే కొట్టినవా?" అని, సార్ వైపు తిరిగాడు. "మరి మీరు మావోనిది చదివే రైట్ కొట్టిన్రా సార్?"

హెచ్‌వోడీ సార్ ఫోన్ జేబులో పెట్టుకుని బర్రె వైపు తిరిగారు.

సార్ కారులోనే మొయినాబాద్ వచ్చాం. కాలేజీ గేటు దగ్గర ఆయన, "పేపర్ వెనక్కి తీసుకుందాం. నీకు ఇంకో ఆరు నెలలు టైం ఇప్పిస్తాను" అని, గొంతు తగ్గించి, "ఈ విషయం ఎక్కడా అనకు" అన్నారు. ఆరు నెలల్లో మిగతా మూడు కడ్డీలతో ఇంకో పత్రం రాశాను. పెద్దబాపు పక్కన కూర్చుని వాక్యం వాక్యం చదివించుకుని మరీ ఒప్పుకున్నాడు. ఆయన పేరును సార్ తన పేరుకు ముందు స్వయంగా టైపు చేశారు. నా ఉద్యోగం నిలిచింది.

ఇప్పుడు సార్ కుర్చీలో నేనున్నాను. పిల్లలు పంపే పత్రాలన్నీ చివరిదాకా చదువుతాను (సరే, చాలావరకు). అప్పుడప్పుడు ఆ పాత ఫైలు తెరిచి, చంద్రుణ్ణి పలకరించి, తొమ్మిది పేజీలూ తిరగేసి నవ్వుకుంటాను. ఎంత గొప్పవాణ్ణనుకున్నాడో ఆ కుర్రాడు! అంత పత్రంలో అతను చేసిన సరైన పని పెద్దబాపు మాటకు కొట్టిన ఆ టిక్కు ఒక్కటే, అదీ చూడకుండా కొట్టాడు.